జీన్ దొరికింది సరే, అది పేషెంట్ దాకా చేరాలంటే ఏం చెయ్యాలి?

మీ చేతిలో ఒక రిజల్ట్ ఉంది అనుకుందాం. ఫలానా జబ్బు ఉన్నవాళ్ళలో ఫలానా వేరియంట్, అంటే జీన్ రాతలో చిన్న తేడా, ఎక్కువగా కనబడుతోంది, లెక్కలు బానే వచ్చాయి, పేపర్ కూడా వచ్చేసింది. ఆ తర్వాత? చాలా రీసెర్చ్ అక్కడే ఆగిపోతుంది. సైన్స్ చాలక ఆగిపోయింది అనుకుంటాం గానీ, జెనెటిక్ రిపోర్టుల పనిలో ఉండి నేను చూసినంతలో అసలు కారణం వేరే. ఆ రిజల్ట్ చూసి డాక్టరు రేపు పొద్దున వేరేగా ఏం చెయ్యాలి అనేది ఎవరూ కూర్చుని ఆలోచించి ఉండరు. అందుకే దీన్ని తోక వైపు నుంచి మొదలుపెడుతున్నా.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. టెస్టు చేద్దామనుకుంటే, ఎవరికి చేస్తాం, ఎప్పుడు చేస్తాం, పాజిటివ్ వస్తే డాక్టరు ఏం మారుస్తారు, నెగటివ్ వస్తే ఏం మారుస్తారు, ఈ నాలుగూ రాయండి. మందు అయితే ఎవరికి, ఏ వయసులో, ఎన్నాళ్ళు, ఇప్పుడు వాడుతున్న దానికంటే ఏం మెరుగు అని రాయండి. మామూలు మాటల్లో రాయాలి, జీన్ పేరు ఒక్కసారి కూడా రాకూడదు. రాయలేకపోతే మీ రిజల్ట్ ఇంకా రీసెర్చే, తప్పేం లేదు, కానీ దాన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళే టైం ఇంకా రాలేదని అర్థం.

ఈ కాగితం ఎంత ముఖ్యమో రెండు మందుల కథ చూస్తే తెలుస్తుంది. అబాకవిర్ అని హెచ్‌ఐవీ మందు ఉంది. కొందరికి అది అస్సలు పడదు, జ్వరం, ఒంటి మీద ర్యాష్, ఆ రియాక్షన్ తగ్గాక మళ్ళీ అదే మందు ఇస్తే ప్రాణం మీదకి వస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బీ 57:01 అనే జీన్ రకం ఉన్నవాళ్ళకే ఇది వస్తోందని 2002లో తేలింది. 2008కల్లా 19 దేశాల్లో 1956 మంది మీద ట్రయల్ చేసి చూపించారు, ముందే టెస్టు చేసి ఆ రకం ఉన్నవాళ్ళకి మందు ఇవ్వకుండా ఆపిన గ్రూపులో స్కిన్ ప్యాచ్ టెస్టుతో నిర్ధారణ అయిన రియాక్షన్ ఒక్కటి కూడా లేదు, టెస్టు చెయ్యని గ్రూపులో 2.7 శాతం మందికి వచ్చింది. ఆరేళ్ళలో పని అయిపోయింది. ఎందుకంత ఫాస్ట్‌గా అయింది అంటే ఆ కాగితం మీద రాయాల్సింది ఒక్క ముక్కే, పాజిటివ్ వస్తే ఈ మందు ఇవ్వొద్దు, వేరేది ఇవ్వండి. వేరే మందు కూడా చేతిలోనే ఉంది.

ఇప్పుడు వార్ఫరిన్ సంగతి చూడండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు, ఎవరికి ఎంత డోసు పడుతుందనేది రెండు జీన్‌ల మీద బాగా ఆధారపడి ఉంటుంది, ఆ సైన్స్‌లో అనుమానమే లేదు. 2013లో రెండు పెద్ద ట్రయల్స్ ఒకేసారి వచ్చాయి, యూరప్‌లో చేసినదాంట్లో జీన్ టెస్టు వల్ల లాభం కనబడింది, అమెరికాలో చేసినదాంట్లో కనబడలేదు, పైగా నల్లజాతి పేషెంట్లకి జీన్ లెక్క వల్ల డోసు కుదరడం ఇంకా కష్టమైంది. తేడా ఎక్కడుందంటే యూరప్ వాళ్ళు జీన్ టెస్టుని అందరికీ ఒకేలా ఇచ్చే డోసుతో పోల్చారు, అమెరికా వాళ్ళు వయసు, బరువు లాంటివి చూసి వేసిన డోసుతో పోల్చారు. అసలు వార్ఫరిన్ వాడేవాళ్ళకి ఎలాగూ రక్తం టెస్టు చేస్తూ డోసు సర్దుతూనే ఉంటారు కదా, జీన్ కొత్తగా చెప్పేది అక్కడ ఎంత మిగిలింది? కాబట్టి మీ కాగితం మీద ఇంకో లైను కూడా రాయండి, ఇప్పుడు డాక్టరు దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటున్నారు, నా టెస్టు దాన్ని దాటుతుందా అని. ఏమీ లేనిదాంతో పోల్చుకుని గెలిస్తే అది గెలుపు కాదు.

ఇక రిజల్ట్ నిజమేనా అన్న ప్రశ్న. జీనోమ్ మొత్తం వెతికే స్టడీల్లో నమ్మడానికి గీత వేరే. మామూలుగా రిజల్ట్ ఊరికే కాకతాళీయంగా వచ్చే ఛాన్స్ 20లో ఒకటి అంటే సరే అంటాం. ఇక్కడ దాదాపు 10 లక్షల విడి పరీక్షలు ఒకేసారి చేస్తున్నాం, అందుకే ఆ 20ని 10 లక్షలతో గుణించి, 2 కోట్లలో ఒక ఛాన్స్ కంటే తక్కువైతేనే నమ్ముతాం. ఈ లెక్క లేని రోజుల్లో ఏమైందో డిప్రెషన్ చరిత్ర చూస్తే బాధేస్తుంది. సెరొటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ జీన్ లాంటివాటి మీద ఏళ్ళ తరబడి వందల పేపర్లు వచ్చాయి, 2019లో బాగా పేరున్న 18 జీన్‌లని లక్షల మంది డేటా పెట్టి చూస్తే, యాదృచ్ఛికంగా తీసిన వేరే జీన్‌ల కంటే వాటిలో ఎక్కువేమీ లేదు. అన్నేళ్ళ కష్టం, అంత డబ్బు, అంతమంది ఆశ. కాబట్టి వేరే జనాభాలో, వేరే టీం చేతిలో రిజల్ట్ మళ్ళీ వచ్చాకే ముందుకెళ్ళండి. ఇంకోటి, మొదటిసారి కనబడిన ఎఫెక్టు దాదాపు ఎప్పుడూ అసలుకంటే పెద్దగానే ఉంటుంది, ట్రయల్ సైజు వేసుకునేటప్పుడు ఆ మొదటి అంకెని పట్టుకుంటే మునిగిపోతారు.

నిజమే అని తేలాక కూడా, ఏ జీన్ అన్నది వేరే ప్రశ్న. ఇది చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. వేరియంట్ దొరికిన చోటు అడ్రస్ మాత్రమే, ఆ ఇంట్లో కూర్చుని తాళం తిప్పేది ఎదురింటి తలుపుకి కావచ్చు. ఊబకాయంతో లింకున్న ఎఫ్‌టీవో జీన్ 2007లో బయటపడింది, అందరూ ఆ జీన్ మీదే పడ్డారు. తీరా 2014, 2015లో వచ్చిన పనుల్లో తేలిందేమంటే ఆ వేరియంట్ ఉన్నది ఎఫ్‌టీవో లోపలే అయినా, అది నడిపించేది చాలా దూరంలో ఉన్న ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 అనే జీన్‌లని. అందుకని పక్కనున్న జీన్‌కే పేరు పెట్టేసి మందు వెతకొద్దు. ఆ జబ్బుకి సంబంధించిన కణాల్లో ఆ వేరియంట్ వల్ల ఏ జీన్ పెరుగుతోంది, ఏది తగ్గుతోంది చూడండి, అదే జీన్‌ని నేరుగా పాడుచేసే అరుదైన మ్యుటేషన్లు ఉన్న మనుషులు ఎక్కడైనా ఉన్నారేమో వెతకండి, వాళ్ళు దొరికితే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, ఎటువైపు నెట్టాలి అనేది. జీన్ తెలిసినా దాన్ని ఆపాలా, పెంచాలా, ఎంత ఆపాలి అన్నది తెలియకపోతే మందు చెయ్యలేం. పీసీఎస్‌కే9 కథని దగ్గర్నుంచి చూడండి, ఈ మొత్తం పని ఎలా చెయ్యాలో అందులోనే ఉంది.

మన లివర్ కణాల పైన ఎల్‌డీఎల్ రిసెప్టర్లు అనే కొక్కేల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి, రక్తంలో వెళ్ళే ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ని పట్టుకుని లోపలికి లాక్కుంటాయి, దాన్ని దించేసి మళ్ళీ పైకి వస్తాయి, ఇలా తిరుగుతూనే ఉంటాయి. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ వచ్చి ఆ రిసెప్టర్‌కి అంటుకుందంటే ఇక అది పైకి రాదు, కణం లోపలే నాశనమైపోతుంది. 2003లో ఫ్రాన్స్‌లో వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ బాగా ఎక్కువున్న కుటుంబాల్లో ఈ జీన్ అతిగా పనిచేసే మ్యుటేషన్లు దొరికాయి. చాలామంది అక్కడితో ఒక అరుదైన జబ్బుకి కారణం దొరికింది అని సరిపెట్టుకునేవాళ్ళు. కానీ డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ అనే సైంటిస్టులు తిరగేసి అడిగారు, ఇది ఎక్కువైతే కొలెస్ట్రాల్ పెరుగుతోంది కదా, మరి ఇది పాడైపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళకి ఎలా ఉంది అని. 2005లో ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు 2 శాతం మందిలో ఈ జీన్ ఒక కాపీ ఆగిపోయి ఉందని తేల్చారు. 2006లో వేరే పెద్ద స్టడీలో 15 ఏళ్ళ లెక్క చూస్తే, అలాంటివాళ్ళకి ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, గుండె జబ్బు రిస్కు 88 శాతం తక్కువ. రెండు కాపీలూ పనిచెయ్యని ఒకావిడ కూడా దొరికారు, ఎల్‌డీఎల్ 14 మాత్రమే, చాలా తక్కువ, అయినా ఆరోగ్యంగా ఉన్నారు.

చూశారా, ప్రకృతే ట్రయల్ చేసి పెట్టింది. ఎక్కువైతే ఏమవుతుంది, సగమైతే ఏమవుతుంది, అసలు లేకపోతే ఏమవుతుంది, మూడు మెట్లూ మనుషుల్లోనే ఉన్నాయి, ఎలుకల్లో కాదు. ఆపాలి అని తెలిసింది, పూర్తిగా ఆపినా పెద్ద ప్రమాదం లేదన్న భరోసా కూడా వచ్చింది. 2015లో అలిరోక్యుమాబ్, ఎవోలోక్యుమాబ్ అనే రెండు యాంటీబాడీ మందులకి, ఈ ప్రొటీన్‌ని ఆపేవాటికి, అనుమతి వచ్చింది, అంటే ఆ ఫ్రాన్స్ కుటుంబాల్లో మ్యుటేషన్లు దొరికాక పన్నెండేళ్ళకి. మీ జీన్‌కి కూడా ఇలాంటి మెట్లు కాగితం మీద గీసుకోండి. ఒక్క మెట్టే ఉంటే ఇంకా వెతకాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆ 88 శాతాన్ని చూసి మందు కూడా అంతే చేస్తుంది అనుకుంటే తప్పు. 27,564 మంది మీద చేసిన ఫోరియర్ ట్రయల్‌లో ఎవోలోక్యుమాబ్ ఎల్‌డీఎల్‌ని 59 శాతం తగ్గించింది, కానీ గుండెపోటు, స్ట్రోక్ లాంటివి అన్నీ కలిపి 15 శాతమే తగ్గాయి. ఎందుకంటే మ్యుటేషన్ ఉన్నవాళ్ళకి పుట్టినప్పటి నుంచే కొలెస్ట్రాల్ తక్కువ, ఆ ట్రయల్‌లో వాళ్ళు అప్పటికే రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళు, మందు వాడింది సగటున రెండేళ్ళకి కాస్త పైన. జీన్ చెప్పేది జీవితకాలపు లెక్క, మందు చెప్పేది ఆ కాస్త కాలం లెక్క. ఈ తేడా ముందే చెప్పకపోతే డబ్బు పెట్టినవాళ్ళూ పేషెంట్లూ ఇద్దరూ మోసపోయామనుకుంటారు.

జీన్ సాక్ష్యం లేకుండా దిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. హెచ్‌డీఎల్ అంటే మంచి కొలెస్ట్రాల్ అని మనకి చిన్నప్పటి నుంచి చెప్తున్నారు. టోర్సెట్రపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ని బాగా పెంచింది, కానీ 2006లో ట్రయల్ మధ్యలోనే ఆపేశారు, మందు తీసుకున్న గ్రూపులో చావులు ఎక్కువయ్యాయి. దానికి బీపీ పెంచే వేరే దోషం ఉంది, నిజమే, కానీ ఆ తర్వాత వచ్చిన డాల్సెట్రపిబ్ కూడా 2012లో లాభం చూపించలేకపోయింది. అదే ఏడాది వచ్చిన జెనెటిక్ స్టడీలో, పుట్టుకతోనే ఒక వేరియంట్ వల్ల హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్ళకి గుండెపోట్లు ఏమాత్రం తక్కువ కాలేదని తేలింది. ఆ లెక్క ట్రయల్ కంటే ముందు చేసుంటే? అందుకే అంటున్నా, మీరు మార్చాలనుకునే అంకె జబ్బుకి కారణమా, లేక జబ్బుతో పాటు కనబడే గుర్తేనా అన్నది ముందు జీన్‌లతో పరీక్షించండి. 2024లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం జెనెటిక్ ఆధారం ఉన్న మందులు మనుషుల్లో ట్రయల్ దశ నుంచి మార్కెట్ దాకా చేరే అవకాశం, అది లేనివాటికంటే 2.6 రెట్లు.

తర్వాత పనిముట్టు ఎంచుకోవాలి. మనం ఆపాలనుకున్నది కణం బయట తిరిగే ప్రొటీన్ అయితే యాంటీబాడీ సరిపోతుంది, లోపల ఉంటే చిన్న మాత్రో, జీన్ నుంచి ప్రొటీన్ తయారీకి కబురు మోసే ఆర్‌ఎన్‌ఏని ఆపే మందో కావాలి, ప్రొటీనే లేకపోతే జీన్‌నే ఇవ్వాలి. చెప్పడానికి తేలికే గానీ, దీనికంటే ముందు తెలియాల్సింది ఏది ఎలా చెడింది అని. సిస్టిక్ ఫైబ్రోసిస్ అని ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయే పుట్టుకతో వచ్చే జబ్బు, దాని జీన్ 1989లో దొరికింది, ఇక రెండు మూడేళ్ళలో జబ్బు నయమైపోతుంది అనుకున్నారు. మొదటి సరైన మందు ఇవాకాఫ్టర్ వచ్చింది 2012లో, అది కూడా కొద్ది శాతం పేషెంట్లకే. ఎందుకంటే జీన్ ఒకటే అయినా చెడిపోయే తీరు ఒకటి కాదు. ఆ ప్రొటీన్ కణం గోడలో ఉండే తలుపు లాంటిది. ఒక మ్యుటేషన్‌లో తలుపు గోడలో ఉంది కానీ తెరుచుకోవట్లేదు, దానికి ఇవాకాఫ్టర్ పనిచేసింది. ఎక్కువమందిలో ఉండే మ్యుటేషన్‌లో తలుపు సరిగ్గా మడతపడక అసలు గోడ దాకా రావట్లేదు, రానిదాన్ని ఎలా తెరుస్తాం? దాన్ని సరిచేసి గోడ దాకా పంపే మందులు రెండు, తెరిచే మందు ఒకటి కలిపి 2019లో మూడు మందుల కాంబినేషన్ వచ్చాక దాదాపు 90 శాతం మందికి దారి దొరికింది. ప్రొటీనే తయారవ్వని మిగతావాళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నారు. అందుకని పేషెంట్లని జబ్బు పేరుతో కాదు, చెడిన తీరుతో విడగొట్టండి.

ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు విషయంలో ఇంకో అందమైన ఆలోచన ఉంది. చెడిన జీన్‌ని ముట్టుకోకుండా, పుట్టాక ఆగిపోయే పిండ దశ హిమోగ్లోబిన్‌ని మళ్ళీ ఆన్ చేశారు. దాన్ని ఆఫ్ చేసే స్విచ్ బీసీఎల్11ఏ అని 2008 ప్రాంతంలో తేలింది. కానీ ఆ జీన్ వేరే కణాలకి కూడా కావాలి, మొత్తం తీసేస్తే కష్టం. 2013లో ఎర్రకణాల వంశంలో మాత్రమే దాన్ని నడిపించే చిన్న ముక్క దొరికింది, క్రిస్పర్ అనే జీన్ కత్తెరతో ఆ ముక్కని మాత్రం కోశారు, 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతిచ్చాయి. అయితే ఈ చికిత్సకి ముందు ఎముక మజ్జని గట్టి కీమోతో ఖాళీ చెయ్యాలి, పిల్లలు పుట్టే అవకాశం పోవచ్చు, పెద్ద ఆసుపత్రిలో వారాల తరబడి ఉండాలి. అనుమతి రావడం వేరు, మనిషికి అందడం వేరు, ఈ రెండోది కూడా మొదట్నుంచే ప్లాన్‌లో ఉండాలి.

టైం కూడా మందులో భాగమే. కండరాలని నడిపే నరాలు చచ్చిపోయే స్పైనల్ మస్కులర్ అట్రోఫీ అనే జబ్బు జీన్ 1995లో దొరికింది, దాని మందు నుసినెర్సెన్ 2016 డిసెంబర్‌లో వచ్చింది. లక్షణాలు మొదలవ్వకముందే ఇచ్చిన ఒక స్టడీలో 25 మంది పసిపిల్లల్లో 22 మంది ఎవరి సాయం లేకుండా నడిచారు. నరాలు చచ్చిపోయాక ఇస్తే ఆ ఫలితం రాదు, పోయిన నరం తిరిగిరాదు. అంటే మందు ఒక్కటే చేస్తే పని సగమే అయినట్టు, పుట్టగానే స్క్రీనింగ్ కూడా పెట్టాలి.

మీది మందు కాదు టెస్టు అయితే మూడు అడగండి. ల్యాబ్ ఆ వేరియంట్‌ని తప్పులేకుండా చదవగలదా, ఆ వేరియంట్ ఉంటే జబ్బు నిజంగా వస్తుందా, తెలుసుకోవడం వల్ల పేషెంట్‌కి మేలు జరుగుతుందా. మొదటిదానికి మిషన్లు ఉన్నాయి. రెండోదాని దగ్గరే నా రోజులు గడుస్తాయి, కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

2015 నుంచి వేరియంట్లని ఐదు మెట్లలో పెడుతున్నాం, జబ్బు కలిగించేది, బహుశా కలిగించేది, తెలియనిది, బహుశా హాని లేనిది, హాని లేనిది. ఏదైనా కొత్తది టేబుల్ మీదకి వస్తే నేను మొట్టమొదట చూసేది మామూలు జనాభాలో అది ఎంతమందిలో ఉందో, లక్షలమంది జీన్ వివరాలుండే నోమ్యాడ్ డేటాబేస్‌లో. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే గుండె కండరం మందమయ్యే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, అది కూడా చాలా జీన్‌ల వల్ల. ఒక వేరియంట్ ఏదో ఒక జనాభాలో 100 మందిలో ఒకరికి ఉందంటే, అది జబ్బుని గట్టిగా కలిగించేదే అయితే ఆ జబ్బు అక్కడ కనీసం ఐదింతలు ఉండాలి కదా, లేదు. అయిపోయింది, అది కారణం కాదు. ఈ చిన్న లెక్క చెయ్యకపోవడం వల్ల ఏం జరిగిందో 2016లో బయటపడింది, ఈ జబ్బుకి కారణం అని రిపోర్టుల్లో ఇచ్చిన కొన్ని వేరియంట్లు నల్లజాతి అమెరికన్లలో మామూలుగానే ఉండేవి, హాని లేనివి. పాత స్టడీల్లో పోల్చిన ఆరోగ్యవంతుల్లో కొద్దిమంది నల్లజాతివాళ్ళు ఉన్నా ఆ పొరపాటు పట్టుబడేది. పీసీఎస్‌కే9 ఆగిపోయినవాళ్ళు దొరికింది కూడా ఆఫ్రికన్ అమెరికన్లు స్టడీలో ఉన్నందుకే అని గుర్తుపెట్టుకోండి. అందుకే మీ శాంపిల్స్‌లో ఎవరెవరు లేరో ముందు లిస్టు రాయండి, వాళ్ళని చేర్చుకోకుండా టెస్టు బయటికి వదలొద్దు.

రిపోర్టు రాసే తీరు గురించి ఒక మాట. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక రిపోర్టు వెళ్ళింది, మూడో మెట్టు వేరియంట్, అంటే తెలియనిది. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో జీన్ పేరు, జబ్బు పేరు, అర్థం తెలియదు అన్న ముక్క మాత్రం రెండో పేజీలో చిన్నగా. చూసినవాళ్ళు పాజిటివ్ అనుకున్నారు, ఇంట్లో అందరికీ టెస్టులు చేయించారు, ఒక అమ్మాయి నెలల తరబడి భయంతో బతికింది. రిపోర్టులో తప్పు అక్షరం ఒక్కటి కూడా లేదు, అయినా అది తప్పు రిపోర్టే. అప్పట్నుంచి మొదటి లైన్‌లోనే రాస్తున్నా, ఈ ఫలితాన్ని బట్టి చికిత్స మార్చకండి, ఇంట్లోవాళ్ళకి టెస్టు చెయ్యకండి అని. మీ టెస్టు తయారయ్యాక ఆ రిపోర్టుని జెనెటిక్స్ తెలియని ముగ్గురు డాక్టర్లకిచ్చి, మీరైతే ఇప్పుడేం చేస్తారు అని అడగండి. ముగ్గురూ ఒకటే చెప్పకపోతే మళ్ళీ రాయండి.

అనుమతుల ఆఫీసుతో మాట్లాడటం, డబ్బు, పేటెంట్ లాంటివి ఉంటాయి, వాటికి వాటి మనుషులున్నారు, ఒక్కటే చెప్తా, ట్రయల్ డిజైన్ అయిపోయాక కాదు, మొదలుపెట్టకముందే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. అరుదైన జబ్బు అయితే మందు లేకుండా ఆ జబ్బు ఏటేటా ఎలా ముదురుతుందో పేషెంట్ల కుటుంబాలతో కలిసి ఇప్పట్నుంచే రాసిపెట్టడం మొదలుపెట్టండి, రేపు పోల్చడానికి అదే దిక్కు. సిస్టిక్ ఫైబ్రోసిస్ మందుల వెనక మొదట డబ్బు పెట్టింది కూడా పేషెంట్ల తరఫున పనిచేసే ఫౌండేషనే.

చివరగా అందరూ మర్చిపోయే పని. ఇవాళ తెలియనిది అని రాసిన వేరియంట్ అర్థం మూడేళ్ళకి మారుతుంది, అప్పుడు ఆ పాత పేషెంట్‌కి ఎవరు ఫోన్ చెయ్యాలి? ల్యాబేమో డాక్టరు చేస్తారనుకుంటుంది, డాక్టరేమో ల్యాబ్ చేస్తుందనుకుంటారు, ఫోన్ మాత్రం మోగదు. టెస్టు మొదలుపెట్టే రోజే పాత రిపోర్టులు ఎన్నాళ్ళకోసారి తిరగెయ్యాలో, ఆ ఫోన్ ఎవరు చెయ్యాలో రాసిపెట్టండి, పేషెంట్ సంతకం తీసుకునే ఫారంలో మళ్ళీ కాంటాక్ట్ చెయ్యొచ్చా అన్న గడి కూడా ఉండేలా చూడండి, నంబర్ మారితే చెప్పమని రిపోర్టు కిందే రాయండి.